ఆరో మడత

ధర్మవరం పట్టుచీరల బజారులో లక్ష్మీనరసయ్య శెట్టి ముందు చీర పెట్టాలంటే నేతగాళ్ళకు గుండె దడ. పైమడత ఎంత మెరిసినా ఆయన చూడడు. చీరంతా విప్పి, వాకిట్లో ఎండకు పట్టి, తప్పు ఏ మడతలో దాక్కుందో పట్టేదాకా వదలడు. "పైమడత చూసి మాట చెప్పేటోడు వ్యాపారి కాదబ్బా" అంటాడు. నలభై ఏళ్ళుగా ఆ దుకాణం ఆ మాట మీదే నడుస్తోంది.

అంతటివాడికి డెబ్బయ్యో ఏట ప్రోస్టేటు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ చేయించుకున్నాడు; ఊరి మాటల్లో చెప్పాలంటే, కరెంటు పెట్టించుకున్నాడు. రోగం తగ్గింది గానీ ఆ కిరణాలు పక్కనున్న పేగుకూ తగిలాయి. మూడు నెలలుగా దొడ్డికి పోయినప్పుడల్లా రక్తం. తెల్ల పంచె మానేసి ముదురురంగు లుంగీలు కట్టాడు. భార్య సీతాదేవి అడిగితే చలికాలం కదా అన్నాడు. అప్పుడు ఏప్రిల్.

ఆ రోజుల్లోనే హిందూపురం నుంచి పూర్ణిమ వచ్చింది. ఆరు ఆసుపత్రుల్లో ఈ జబ్బుకు కరెంటు ఎక్కడ సవ్యంగా పెడుతున్నారో, ఎక్కడ గురి తప్పుతోందో తేల్చే ఆడిట్‌లో ఆమెది రోగుల్ని అడిగి రాసుకునే పని. ఇంటికొస్తానంటే, భార్య వింటుందని శెట్టి దుకాణానికే రమ్మన్నాడు. అక్కడ ఇద్దరు గిరాకీలు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"తాతా, మోషన్‌లో రక్తం ఏమైనా పడుతోందా?" గొంతు తగ్గించి అడిగింది.

మనవరాలి ఈడు పిల్ల. శెట్టి ముఖం కందిపోయింది. "ఏమీ ల్యా తల్లీ. అంతా బాగుండాది, రాసుకో."

ఇరవై ప్రశ్నలకూ అదే జవాబు. పోతూపోతూ ఆమె ఒక చీర ముట్టుకుంటే, "పైపైన చూసి కొనగాకమ్మా, విప్పి చూడల్ల" అని బుద్ధి కూడా చెప్పాడు.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. శెట్టి చేరిన ఆసుపత్రికే మొదటి స్థానం. ఆ మార్కుల్లో ఎందరు మగమహారాజులు పరువు కోసం చెప్పిన అబద్ధాలు కలిశాయో ఎవరూ లెక్కించలేదు.

ఆ వారమే హనుమప్ప వచ్చాడు. ఒకప్పుడు ఆరో మడతలో ఒక్క పోగు తప్పిందని శెట్టి చేత చీర వెనక్కి కొట్టించుకున్న నేతగాడు. ఇప్పుడు అతనికీ అదే జబ్బు.

"సోమారం నుంచి నాకూ ఆ ఆసుపత్రిలోనే కరెంటు పెడతారు శెట్టీ. రిపోర్టులు నాకేం తెలుసు? బాగుండాదని నువ్వే అన్నావని ఆ పొద్దు నీ అంగట్లో కూర్చున్నోళ్ళు చెప్పినారు, అది చాలు. విప్పి చూడందే నువ్వు మాట చెప్పవు."

శెట్టి జబ్బుకు పడినదానికంటే పదింతలు సిగ్గుపడ్డాడు. లేచి షట్టరు సగం దించాడు.

"ఆ పొద్దు నేను పైమడతే చూపించినా హనుమప్పా. ఆరు నెల్ల నుంచి నాకు రక్తం పడతాండాది."

అతని ఎదుటే పూర్ణిమకు ఫోన్ చేసి అదే చెప్పాడు.

"రిపోర్టు అచ్చయిపోయింది తాతా. రెండేళ్ళకు గానీ మళ్ళీ అడగరు. అయినా దీనికి వైద్యం ఉంది. అప్పుడే చెప్పి ఉంటే ఈపాటికి తగ్గేది. రేపే డాక్టరుకు చూపించుకోండి."

ఫోన్ పెట్టేశాక హనుమప్ప నిదానంగా అన్నాడు. "నా చీరలో తప్పింది ఒక్క పోగే శెట్టీ. దానికే నన్ను నడిబజారులో నిలబెట్టినావు."

శెట్టి లేచి సగం దించిన షట్టరు మళ్ళీ పైకెత్తాడు.

"రేపు నువ్వూ రా. డాక్టరు ముందర అంతా చెప్తా. నువ్వు పక్కనుండి విను, ఆ తర్వాతే పడుకో వాళ్ళ మిషను కింద."