లింగస్వామి గొంగడి

వానలు తగ్గి, తుంగతుర్తి బీళ్లలో వయ్యారిభామ కలుపు తెల్లగా పూసిందంటే లింగస్వామి కళ్లు ఎర్రబడతాయి. ఏటా అంతే. పొద్దంతా గొర్ల వెంట తిరుగుతాడు. దురద పుట్టినప్పుడల్లా భుజం మీది గొంగడి కొస పట్టుకుని రెండు కళ్లూ పరపరా రుద్దుకుంటాడు. ఆ క్షణం ప్రాణం లేచొస్తుంది. తర్వాత మంట.

అచ్చమ్మ నందివర్ధనం పూలు తెచ్చి మొగుడి రెప్పల మీద పెట్టింది. ఈసారి తగ్గలేదు. ఏ గొర్రెపిల్ల ఏ తల్లిదో మొహం చూసి చెప్పేవాడు, వాచిన కళ్లతో ఒక పిల్లను వేరే గొర్రె కిందికి తోశాడు. అది పిల్లను కుమ్మింది.

"నీకు గొర్లు పడ్తలెవ్వయ్యా. అమ్ముదాం," అంది అచ్చమ్మ.

"నువ్వు గూడ పడ్తలెవ్వు. నిన్ను అమ్మిన్నా?"

"కొనెటోడు దొరికితే నేనే ముందుగాల ఆటో ఎక్కుదు."

నవ్వాడు గానీ లోపల గుబులు. కళ్లు చూపించుకోవడానికి సూర్యాపేట పోయే బస్సులో అచ్చమ్మ పక్కన కూర్చుని అదే ఆలోచన: డాక్టరమ్మ కూడా గొర్లు వదిలెయ్యమంటే ఇక తనెవరు?

కంటి డాక్టర్ నవనీత రెప్పలు తిప్పి చూసింది. "దురద పుడితే ఏం చేస్తవ్, పెద్దయ్యా?"

లింగస్వామి చేసి చూపించబోయాడు. గొంగడి కొస కంటిదాకా రాకముందే ఆమె చెయ్యి పట్టుకుంది. గొంగడి దులిపితే బల్ల మీద సన్నటి పొడి రాలింది.

"దీన్ని ఎప్పుడు ఉతికినవ్?"

అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గొంగడిని ఎవ్వలన్న ఉతుకుతరా, బిడ్డా? వాన వడితే అదే తడుస్తది."

"వయ్యారిభామ పుప్పొడంత దీంట్లనే ఉన్నది. దాన్నే కండ్లకు రుద్దుకుంటున్నవ్. ఇగ రుద్దుడు బంద్. ఇంటికి రాంగనే మొఖం కడుక్కో, చన్నీళ్ల బట్ట కండ్ల మీద వేసుకో. ఈ చుక్కలు పొద్దున, సాయంత్రం."

"మరి గొర్లు అమ్ముడు?" అడిగాడు లింగస్వామి.

"గొంగడి ఉతుకుడు."

అచ్చమ్మ ఉతికితే నల్లటి నీళ్లు కారాయి. మర్నాడు లింగస్వామి తెల్ల తువ్వాలు వేసుకుని గొర్ల దొడ్డి దగ్గరికి పోయాడు. పిలిస్తే గొర్లు చెవులు రిక్కించాయే తప్ప కదల్లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాయి.

"నిన్ను గాదు, గా గొంగడిని నమ్ముకున్నయవి!" అచ్చమ్మ పడీ పడీ నవ్వింది.

అతనికి రోషమొచ్చింది. ఆరిన గొంగడిని తెచ్చి, మొహానికి దూరంగా, కర్రకొసకు తగిలించి ముందు నడిచాడు. మంద మొత్తం వెనక కదిలింది.

వయ్యారిభామ పూలు రాలకముందే వాపు దిగింది. ఇప్పుడు పిల్లలను తల్లుల దగ్గరికి తప్పులేకుండా చేరుస్తున్నాడు. చెయ్యి మాత్రం ఇంకా ఖాళీ భుజం మీదికి పోతూనే ఉంటుంది. అచ్చమ్మ దూరం నుంచే కేకేస్తుంది: "సూస్తున్న!"