తవిటయ్య మావ పదకొండుసార్లు ఆపాడు

గత వారం విజయనగరంలోని మా వర్క్‌షాపుకు తీరప్రాంతపు పనుల నుంచి ఒక సెన్సర్ పెట్టె తిరిగివచ్చింది. తుప్పు పట్టిన స్క్రూలను వేడిచేసి విప్పుతుంటే, పెట్టె మూలల్లో అంటుకున్న బురద కూడా వేడెక్కి ఒక వాసన వేసింది. ఉప్పు, ఇనుము, కొంచెం కుళ్లిన నాచు. చేతిలో పని పక్కన పెట్టి కాసేపు ఊరికే నిలబడ్డాను. నౌపడ ఉప్పు మళ్ల పక్కన తవిటయ్య మావ నడిపిన ప్రొక్లెయిన్ గొలుసుల నుంచి మధ్యాహ్నాలు ఈ వాసనే వచ్చేది.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అది. కొత్త రోడ్డు పక్కన వరద నీరు పోవడానికి కాలువ తవ్వుతున్నారు. ఆ పనిలో ఉన్న మూడు ప్రొక్లెయిన్లకు మా కంపెనీ యంత్రాలు బిగించాలి. నేను బిగించినవి నాలుగు: క్యాబిన్ వెనక ఉపగ్రహ సంకేతాలు అందుకునే యాంటెనా, తవ్వే చేతి కీళ్ల దగ్గర సెన్సర్లు, ఆపరేటర్ ముందు స్క్రీను, వీటన్నిటినీ కలిపే పెట్టె. కాలువ ఎంత లోతు ఉండాలో ముందే ఎక్కిస్తాం. బకెట్ ఆ లోతు దగ్గరకు వచ్చేసరికి బండి తనంతట తానే ఆగుతుంది. అంతకు కిందికి ఆపరేటర్ తోసినా పోదు. పోవాలంటే ఆటోమేటిక్ తీసేసి చేత్తో నడపాలి. అలా తీసేసిన ప్రతిసారీ పెట్టెలో ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తులతోపాటు ఆపరేటర్ చేతి కదలికలన్నీ మా ఆఫీసుకు చేరేవి. వాటిని చూసి నేర్చుకునే ప్రోగ్రాం ఒకటి అక్కడ తయారవుతోంది.

తవిటయ్యకు అప్పటికి యాభై దాటాయి. సన్నగా, ఎండకు బాగా నల్లబడిన మనిషి. మొదటి రోజు నేను "తవిటయ్య గారూ" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాడు.

"గారు అంటే నా ఎనకాల ఇంకెవులో ఉన్నారనుకున్నాను. మావా అను. నాకిద్దరూ కొడుకులే, నీకేటీ బయం నేదు."

స్క్రీను బిగించడం అయిపోయేదాకా క్యాబిన్ మెట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. అయ్యాక అడిగాడు.

"ఇది నా సెయ్యి సూసి నేర్సుకుంటాదా?"

"నేర్చుకుంటుంది."

"నేర్సుకున్నాక నన్నెవుడు పిలుస్తాడు?"

నా దగ్గర కంపెనీ ఇచ్చిన జవాబు ఉంది. ఆపరేటర్ పని సులువవుతుంది, ఒళ్లునొప్పులు తగ్గుతాయి వగైరా. అది పక్కన పెట్టి, "తెలీదు మావా" అన్నాను.

"సరే, తెలీదని సెప్పినావు కదా, సాలు" అంటూ లేచి సీట్లో కూర్చున్నాడు. తర్వాత చాలా రోజులకు, ఇంత తెలిసీ నాకు ఎందుకు నేర్పుతున్నావని అడిగాను. "నాకు పని నేర్పిన ముసిలాయన కూడా తన సీటు నాకే ఒగ్గేసినాడు. అప్పుడు నానేటి ఒద్దన్నానేటి?" అన్నాడు.

ఆయన నేర్పినవి నా నోట్‌బుక్‌లో వరసగా రాసి ఉన్నాయి. గొలుసు కదిపే ముందు బకెట్ వీపుతో నేలను నొక్కి చూడాలి. పైన పెంకులా గట్టిగా ఉన్నా కింద బురద ఉండవచ్చు. ఇంజను గొంతు మారితే గేజి చూడకముందే చెయ్యి తేలిక చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆయన పొద్దుటి అలవాటు. బండి ఎక్కే ముందు, ముందురోజు తవ్విన కాలువలో వట్టికాళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. నన్నూ నడిపించేవాడు. నేను బూట్లతో దిగితే ఒప్పుకునేవాడు కాదు. "బూటుకేటి తెలుస్తాది?" అనేవాడు.

మూడో వారంలో సైటు మేనేజరు నన్ను పిలిచి నేను పంపిన జాబితా చూపించాడు. మిగతా ఇద్దరు ఆపరేటర్లు ఆటోమేటిక్ తీసేసింది ఒకరు రెండుసార్లు, ఒకరు మూడుసార్లు. తవిటయ్య పదకొండుసార్లు.

"ఈయనకి పాత చెయ్యి పోవడం లేదు. ఇది తవిటయ్య వల్ల కాదని నీ రిపోర్టులో రాయి. సోమవారం నుంచి వేరే మనిషిని పెడతాను" అన్నాడు.

మిగతా రెండు బండ్లకూ మనుషులున్నారు, ఇది పోతే ఆయనకు ఇంకో బండి లేదు. నేను నేరుగా ఆయన దగ్గరకు వెళ్లాను. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీదే కోపంగా ఉంది.

"స్క్రీను లోతు సరిపోయిందంటుంటే ఎందుకు తీసేస్తున్నావు మావా? నీ బండి పోయేలా ఉంది."

ఆయన ఇంజను ఆపి దిగాడు. "సరిపోనేదు కాబట్టి. అదిగో, ఆ తూము పునాది పోయినేడు నానే తవ్వినాను. దాని నోరు నీ కాలవ అడుగుకన్నా కిందకి ఉన్నాది. రేపు వరదొస్తే తూములోంచి నీరు కాలవలోకి ఎక్కుతాదా? ఎనక్కి పోయి పొలాల్లో పడతాది."

తూము నోరు బురదలో పూడిపోయి ఉంది. పైకి ఏమీ కనబడదు. నా లెక్క రెండుసార్లు సరిచూసుకున్నానని చెప్పాను. ఆయన వెళ్లి తాపీమేస్త్రీల దగ్గర నుంచి లెవెల్ పైపు తెచ్చాడు. అది నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అంతే. రెండు చివర్లలోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. తూము బురద తీసి ఒక చివర ఆయన పట్టుకున్నాడు, కాలువలో రెండో చివర నేను పట్టుకున్నాను. కొలిచాం. కాలువ అడుగు జానెడు ఎత్తుగా ఉంది. మళ్లీ కొలిచాం. అదే జానెడు.

మా యంత్రాల కొలతలన్నిటికీ ఆధారం గట్టు మీద ఎర్రరంగు పూసిన సర్వే రాయి. దాని మీదే నా మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, ఉపగ్రహ సంకేతాలు సరిచూసే మిషన్ దానికి బిగించి, కాగితంలో ఉన్న రాయి ఎత్తును అందులో ఎక్కించాను. మేం అక్కడికి చేరేసరికి పైడమ్మ అనే ఉప్పు కూలీ నడుం మీద చేతులు పెట్టుకుని స్టాండును చూస్తోంది.

"మా రాయి మీద ఈ ముక్కాలిపీట ఏటి బాబూ? రెండు వారాల నుంచి సూస్తన్నాను, తీస్తారేమోనని."

"ఇది సర్వే రాయి కదమ్మా?"

"ఏటి సర్వే? మా మళ్లకి ఉప్పునీరు ఎంతవరకు పెట్టాలో సూసుకునే రాయి. ఏటేటా గట్టు ఏసినాక తీసి మీద పెడతాం. రంగు మీ రోడ్డోళ్లనే అడిగి పూసినాం. మీ రాయి అల్లదిగో, ఆ తుప్పల్లో ఉన్నాది."

తుప్పలు తొలగించి చూశాను. రంగు పోయిన సర్వే రాయి అక్కడే ఉంది, ఉప్పు మళ్ల రాయికన్నా జానెడు కిందికి. నా నోట్‌బుక్‌లో, స్టాండు పెట్టిన రోజు చేయాల్సిన పనుల వరసలో, "రాయి గుర్తించుట" అన్న దాని పక్కన నా చేత్తో పెట్టిన టిక్కు ఉంది. పైడమ్మ నవ్వుతుంటే తవిటయ్య, "నవ్వకే, సదువుకున్న కుర్రోడు" అని తనూ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మిషన్‌లో ఎత్తు మార్చేసి, జాబితాను అలాగే వదిలేస్తే ఎవరికీ తెలియదు. పదకొండు గుర్తులు ఆయన పేరు మీదే ఉంటాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"నేనేం రాయాలి మావా?"

"అది నన్నడుగుతావేటి? ముందు ముక్కాలిపీట సరైన రాయి మీద పెట్టు. ఉన్న ఎలుతురు పోతన్నాది."

స్టాండు మార్చాక, ఆఫీసు కంటైనర్లోకి వెళ్లేముందు పదకొండు గుర్తులూ ఆయనకు ఒక్కొక్కటే చదివి వినిపించాను. తొమ్మిది లోతు కోసం. ఒకటి తాబేలు అడ్డమొచ్చినందుకు. శ్రీకూర్మం స్వామి మీదకి బకెట్ ఎలా దించుతానని అడిగాడు. చివరిది ఆయనకు వెంటనే గుర్తురాలేదు. "అది నా తప్పే. ఫోనొచ్చినాది, మోసెయ్యి తగిలినాది. అదీ రాయి" అన్నాడు.

అదీ రాశాను. తొమ్మిది ఎవరి తప్పువల్లనో కూడా రాశాను. మేనేజరు చదివి తలెత్తాడు.

"నీ పేరు నువ్వే రాసుకున్నావేంటి?"

"నేనే చేశాను కదండీ."

ఆయన రిపోర్టు మీద సంతకం చేశాడు. తర్వాత కాలువ మళ్లీ తవ్వమన్నాడు. ఆ తొమ్మిదిచోట్ల మాత్రం తవ్వనక్కర్లేకపోయింది. తవిటయ్య బండి తవిటయ్యకే ఉంది. నా ఉద్యోగం పర్మనెంట్ కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. ఇప్పుడు లెక్కవేసుకుంటే ఆ ఆరు నెలలకంటే నాకు దక్కిన చదువే ఎక్కువ.

అన్నీ బాగుపడ్డాయని చెప్పలేను. ఆ తర్వాతి పనిలో మూడు బండ్లకు ఇద్దరు ఆపరేటర్లే మిగిలారు. మూడో ఆయన టిప్పరు నడుపుతున్నాడు. మా ప్రోగ్రాం ఏటేటా తెలివిమీరుతోంది, అందులో తవిటయ్య చేతి కదలికలు కూడా ఉన్నాయి. ఆయన ఇంకా తీరంలోనే పనిచేస్తున్నాడు. మొన్న ఫోన్‌లో, "సగంసేపు సేతులు ఒళ్లో పెట్టుకునే కూకుంటన్నాను. కళ్లకి మాత్రం పని పెరిగినాది" అన్నాడు. అందులో ఫిర్యాదు ఎంతో, వేళాకోళం ఎంతో నాకు తెలియలేదు.

ఆయనవల్ల నేను చేసిన మార్పు చాలా చిన్నది. ఆపరేటర్ ఆటోమేటిక్ తీసేసినప్పుడు మా పెట్టె టైము, లోతు, బండి నంబరు రాసుకునేది. నేను స్క్రీనులో ఇంకొక గడి చేర్పించాను: ఎందుకు ఆపారు? నోటితో చెబితే చాలు, అదే రాసుకుంటుంది. దానివల్ల సమయం వృథా అని ఆఫీసులో అన్నారు. రెండేళ్లు అడగ్గా ఒప్పుకున్నారు. రోజూ పొద్దున్న అంకెలకంటే ముందు నేను ఆ గడి చదువుతాను.

నిన్న అందులో నేనెప్పుడూ చూడని ఒక ఆపరేటర్ మాటలున్నాయి. "స్క్రీను బాగుందంటన్నాది. మట్టి నాకు నచ్చనేదు." బండి అక్కడే ఆపి ఉంచమని ఆయనకు ఫోన్ చేసి, ఆ మట్టి చూడటానికి శ్రీకాకుళం బస్సెక్కాను.