హలో అక్క కొన్న నాలుగు స్విచ్చులు

మా అచ్చాఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. అందరికీ హలో అక్క. గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తి, ఎవరి కాల్ వాళ్ల గదికి కలుపుతూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. ఆ బల్లకు ఎదురుగా కూర్చుని ప్రూఫులు దిద్దేవాణ్ణి నేనే కనుక ఇదంతా నా కళ్లముందే జరిగింది.

ఎవరి జేబులో వాళ్లకు ఫోన్లు వచ్చాక అక్కకు పని తగ్గింది. యజమాని మంచివాడు. ఆవిడను మాన్పించకుండా సామాను కొనే పని అప్పగించాడు. జిగురు, దారం, సిరా అన్నీ అక్కే తెచ్చేది. ఆవిడ నోరు తెరవకముందే దుకాణదారు ధర తగ్గించి, "ఇక నన్నొదిలెయ్యమ్మా" అనేవాడు.

ఆ ఏడాది మా కంప్యూటర్లకు జబ్బు చేసింది. మేడ మీద డిజైనర్ మందుసీసాల లేబుళ్లు తయారుచేసి కిందికి పంపితే ఆ ఫైలు సగం దారిలో ఆగిపోయేది. "పంపేశాను!" అని పైనుంచి ఒక కేక. "రాలేదు!" అని కింద అచ్చుకు ప్లేట్లు చేసే గదిలోంచి ఇంకో కేక. చివరికి డిజైనరే పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగేది. "నాకిక జిమ్ముతో పన్లేదు" అని నవ్వేది గానీ, మోకాళ్లు పట్టుకుని మరీ నవ్వేది.

యజమాని అక్కను పిలిచాడు. "అక్కా, స్విచ్చులు మార్చాలట. నమ్మకమైనవి, మన తాహతుకు తగ్గవి మీరే చూడండి."

సాయంత్రానికల్లా అక్క నాలుగు రకాల లైటు స్విచ్చులు తెచ్చి బల్ల మీద పరిచింది. డిజైనర్ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇవి కాదక్కా. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె ఒకటుంటుంది. ఏ ఫైలు ఎవరికి వెళ్లాలో చూసి అటు పంపుతుంది. దాన్ని స్విచ్ అంటారు."

"ఓసి, నేను చేసే పనే కదే! ఆ మాట ముందే చెప్పొచ్చుగా?" అంది అక్క.

కబురు తెలిసి మర్నాడే ఇద్దరు వచ్చారు. ఒకాయన టై కట్టుకుని, ఇరవై నాలుగు కన్నాలున్న పెద్ద పెట్టె బొమ్మ చూపించాడు. దాంట్లో లేని విద్య లేదన్నాడు. రెండో ఆయన యజమాని బావమరిది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె తెచ్చి, "ఏదైనా పెట్టె పెట్టే కదా, అంత ఆలోచనెందుకు?" అన్నాడు.

అక్క వాళ్లిచ్చిన కాగితాలన్నీ ఇంటికి పట్టుకెళ్లింది. వాళ్లాయన దర్జీ. గుడ్డలు కత్తిరించే బల్ల మీద సగం ఖాళీ చేసిచ్చాడు. కాస్త చెవుడున్న అత్తగారు మంచం మీంచి అడిగింది.

"ఏం కొంటున్నావే, ఫ్రిజ్జా?"

"కాదత్తయ్యా, పెట్టె."

"తలుపుందా?"

"తలుపు లేదు, కన్నాలున్నాయి."

"చిల్లులు పడ్డది కొంటావా? తిరిగిచ్చెయ్!"

దర్జీగారు నవ్వాపుకోలేక మిషను ఆపేశాడట. మర్నాడు అక్కే చెప్పింది.

ఆ రోజు నుంచి అక్క నోటుబుక్కు పట్టుకుని గది గదీ తిరిగి వైర్లు లెక్కపెట్టింది. డిజైన్ గదిలో ఏడు, ప్లేట్ల గదిలో మూడు, ఆఫీసులో ఐదు. ఇరవై నాలుగు కన్నాలది ఎక్కడా అక్కర్లేదని అక్కడే తేలిపోయింది. ప్లేట్ల గది వైర్లు వెళ్లి చేరే బైండింగ్ గదిలో స్టూలెక్కి బీరువా మీదున్న పాత స్విచ్ చూసింది. దాని ఫ్యానుకు కాగితం దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. పైన బైండర్ అన్నం క్యారియర్!

"ఇదేంటి బాబాయ్?"

"అది భలే వేడిగా ఉంటదమ్మా. ఒంటిగంటకి అన్నం పొగలు కక్కుతుంది" అన్నాడు బైండర్ గర్వంగా.

"ఊపిరాడక చచ్చిపోతోంది బాబాయ్ అది!"

తరవాత అక్క తనకు బాగా తెలిసిన పనికి దిగింది. ఐదు రకాల స్విచ్చుల మీదున్న సర్వీసు నంబర్లు రాసుకుని వరసగా ఫోన్లు చేసింది. ఒకచోట ముప్పావుగంట సంగీతం వినిపించారు. ఇంకోచోట ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ తిప్పి తిప్పి మొదటికే తెచ్చారు. బావమరిది పెట్టె మీదున్న నంబరుకు చేస్తే ఎవరో చెప్పుల దుకాణాయన పలికాడు. నాలుగోది మోగుతూనే ఉంది. ఐదోచోట రెండో రింగుకే ఒకావిడ ఎత్తింది.

"దుమ్ముండే చోటికి ఫ్యానున్నది వద్దండీ. మా దగ్గరే ఇంతకంటే ఖరీదైనవి ఉన్నాయి గానీ మీకు దండగ. ఫ్యాను లేని ఇనప పెట్టె తీసుకోండి. మూడేళ్లలో పాడైతే కొత్తది పంపేస్తాం" అంది.

"వాడుతున్న వాళ్లెవరైనా ఉంటే నంబరివ్వమ్మా" అంది అక్క.

ఆవిడ ఓ పిండిమర యజమానిని అడిగి నంబరిప్పించింది. అక్క ఫోను చేస్తే మర హోరులో ఆయన అరిచి చెప్పాడు: "రెండేళ్లైందమ్మా! పిండి పడి తెల్లగా అయిపోయింది గానీ ఒక్కరోజు పని మానలేదు!"

అంతటితో ఊరుకోలేదు అక్క. ఇనప పెట్టెను పదిరోజులు చూసుకోడానికని అడిగి తెప్పించి బైండింగ్ గదిలో పెట్టించింది. బావమరిది పెట్టెను డిజైన్ గదికి తగిలించింది. మూడు రోజులు రెండూ బాగానే నడిచాయి. నాలుగో రోజు అందరూ ఒక్కసారే పెద్ద ఫైళ్లు పంపేసరికి ప్లాస్టిక్‌ది నీరసించిపోయింది. లేబుల్ దిగేలోపు డిజైనర్ టీ తాగి, గ్లాసు కడిగి వచ్చింది. బావమరిది తనే వచ్చి చూసి, "ఇంట్లో టీవీకి పెట్టుకుంటాలే" అని పెట్టె జేబులో వేసుకున్నాడు.

అక్క ఇనప పెట్టెలు నాలుగు కొంది.

"గదికొకటి చొప్పున అవసరం మూడే కదా?" అన్నాడు యజమాని.

"నాకు జొరమొస్తే ఫోనెత్తడానికని మీ నాన్నగారు ఇంకొకరికి పని నేర్పించారు బాబూ. నాలుగోది అందుకు."

యజమాని నాలుగింటి బిల్లు మీదా సంతకం పెట్టేశాడు.

బిగించేరోజు ఒక్కటే తప్పు బయటపడింది. గేటు దగ్గర కెమెరాకు కరెంటు కూడా స్విచ్ నుంచి వెళ్లే వైరులోంచే రావాలట. అక్క కొన్న పెట్టెలు కరెంటివ్వవు. విడిగా ఓ అడాప్టరు తెచ్చి పెట్టాల్సొచ్చింది. టై ఆయన పెట్టెలో ఆ సౌకర్యం ఉంది, ఆ మాట ఆయన మొదటిరోజే చెప్పాడు కూడా. అక్క రెండురోజులు తనను తాను తిట్టుకుని, మూడోరోజు ఆయనకే ఫోను చేసింది.

"మీ మాట ఒకటి నేను సరిగ్గా వినలేదండీ. కెమెరా సంగతి మీరే కరెక్టు."

అటువైపు ఆయన నిర్ఘాంతపోయాడు. "మేడమ్, పదకొండేళ్ల సర్వీసులో కొనకుండా ఫోన్ చేసి నన్ను మెచ్చుకున్నది మీరొక్కరే" అన్నాడు. మర్నాడు స్వీట్లతో వచ్చి, అడాప్టరుకు వాన తగలకుండా చిన్న డబ్బా కూడా బిగించి వెళ్లాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. డిజైనర్ ఇప్పుడు కిందికి దిగేది ఇంటికి వెళ్లడానికే. బైండర్‌కు యజమాని అన్నం వేడిచేసుకునే చిన్న ఓవెన్ కొనిచ్చాడు. ఎంపిక అక్కదే. కొనేముందు ఆ కంపెనీకీ ఫోను చేసింది. మొదటి రింగుకే ఎత్తారట.