చూశావా, విన్నావా, అనుకున్నావా

మా మామగారు చిన్నప్పుడు గురజాలలో ఒక శాస్త్రిగారి దగ్గర కొన్నాళ్లు తర్కం చదివారట. శ్లోకాలన్నీ మరిచిపోయారు, ఒక్క ప్రశ్న మిగిలింది. ఎవరేం చెప్పినా చుట్ట పక్కన పెట్టి, "చూశావా, విన్నావా, అనుకున్నావా?" అనేవారు. ఆ చుట్ట కంపు నాకు గిట్టేది కాదు. ఆ ప్రశ్న మాత్రం నా కాపురం నిలబెట్టింది.

సాగర్ కాలవ ఇంకా రాని రోజులు. నేను కాపురానికొచ్చిన వారానికే అత్తగారి చెయ్యి బెణికి, పాలు పితికే పని నా మీద పడింది. బర్రె పాలు చేపలేదు సరికదా, మూడు రోజులపాటు తన్నింది. కొత్తకోడలి చెయ్యి మంచిది కాదని వీధంతా అన్నారు. నన్ను పుట్టింటికి పంపెయ్యాలని అత్తగారు పట్టుబట్టింది.

"ఏమే, ఆ పిల్ల చెయ్యి చెడ్డదని చూశావా, విన్నావా, అనుకున్నావా?" అన్నారు మామగారు.

అత్తగారు ఉన్నమాటే చెప్పింది. "విన్నా. ఆనక అనుకున్నా."

"అయితే చూద్దాం. నీ పాత కోక ఆ పిల్లకియ్యి."

మర్నాడు పొద్దున్నే అత్తగారి కోక కట్టుకుని కూర్చున్నాను. బర్రె ఆ కోకను వాసన చూసి, నెమ్మదిగా చేపింది. చెంబు నిండింది.

"మీకు ముందే తెలుసా మామయ్యా?" అన్నాను.

"లేదమ్మా. నేనూ అనుకున్నానంతే," అని చుట్ట వెలిగించుకున్నారు. "ఇప్పుడు చూశా."