మొగిలయ్య కడిగిన డ్రమ్ములు

"...ఇయ్యనంటే ఇయ్యను మామా! అమ్మిననాడు నువ్వే గదా అంటివి, ఇది డ్రమ్ము గాదు, గంగమ్మ అని!"

"అన్న బిడ్డా. తప్పయింది. గందుకే వాపస్ తీస్కపోదామని వచ్చిన."

"నల్లా రెండ్రోజులకొకసారి వస్తది. డ్రమ్ము నీకిచ్చి నీళ్ళు దోసిట్ల పట్టుకోవాల్నా? నీ తప్పు నీ ఇంట్ల పెట్టుకో పో!"

రత్నకుమారి తలుపు వేసుకుంది. మొగిలయ్య ఖాళీ రిక్షా తిప్పుకున్నాడు. 2009 ఎండాకాలం. పీర్జాదిగూడలో ఆ వారం అది తొమ్మిదో ఇల్లు.

ఆలేరు నుంచి వచ్చిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళుగా అతనిది ఒకటే పని. నాచారం మందుల కంపెనీల్లో ఖాళీ అయిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి, కడిగించి, నీళ్ళు పట్టుకోవడానికి కొత్త కాలనీల వాళ్ళకు అమ్మడం. కడిగేది భార్య సాలమ్మ. సోడా, చింతపండు, వేపాకు, ఆపైన మూడు రోజుల ఎండ. చివరికి ఆమె డ్రమ్ములో తల దూర్చి గట్టిగా ఊపిరి పీల్చేది. "పోయింది" అంటేనే డ్రమ్ము గడప దాటేది. వాసన పోతే విషం పోయినట్టేనని ఇద్దరి నమ్మకం. వాసన వదలని డ్రమ్మును మొగిలయ్య గొడ్డలితో పగలగొట్టేవాడు తప్ప ఎవరికీ అంటగట్టలేదు. అందుకే జనం 'మొగిలయ్య డ్రమ్ము' కావాలని అడిగి మరీ కొనేవారు.

డ్రమ్ము చేతికి రాగానే అతను ముందుగా చేసేది మాత్రం కత్తితో లేబుల్ గీకేయడం. పుర్రె బొమ్మ చూస్తే కొనేవాళ్ళు జడుస్తారు.

కిందటేడు సాలమ్మకు మూత్రంలో నెత్తురు పడింది. వేడి చేసిందనుకుని ఎనిమిది నెలలు బార్లీ నీళ్ళు తాగింది. చివరికి క్యాన్సర్ దవాఖానాలో డాక్టరమ్మ మూత్రాశయంలో గడ్డ ఉందని చెప్పి, చేసే పనేమిటని అడిగింది. విన్నాక, "ఏం కెమికల్స్ డ్రమ్ములు?" అంది.

మొగిలయ్య నేల చూశాడు. "పేర్లు గీకేసిన మేడమ్."

"దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కానీ కొన్ని కెమికల్స్‌తో ఈ జబ్బు వస్తుంది. వాసన పోయినా అవి ప్లాస్టిక్‌లో ఇంకి ఉంటాయి. ఆ డ్రమ్ముల్లో నీళ్ళు ఎవరూ తాగకూడదు."

ఆపరేషన్ అయి సాలమ్మ ఇంటికి రాగానే అతను కొత్త డ్రమ్ములు కొనడం మానేసి, అమ్మినవి వెనక్కి తేవడానికి ఇళ్ళ వెంట పడ్డాడు. కంపెనీ నుంచి డ్రమ్ములు ఇప్పించే ఉపేందర్ పకపకా నవ్వాడు. "పిచ్చి లేసిందా మామా? నువ్వు కొనకుంటే ఇంకోడు కొంటడు. వాడు కడగను గూడ కడగడు."

డ్రమ్ము కొన్నవాళ్ళలో ఉప్పల్ జనార్ధనరావు గారొక్కరే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ప్రభుత్వ ప్రయోగశాలలో పని చేసి రిటైరైన మనిషి. అంతా శ్రద్ధగా విన్నారు.

"మంచి పని చేస్తున్నావయ్యా. నాకు మొదట్నించీ అనుమానమే. అందుకే ఆ డ్రమ్ము పోయినేడే మా పనిమనిషికి ఇచ్చేశాం."

ఆమె ఇల్లెక్కడో ఆయనకు తెలియదు. మొగిలయ్య నమస్కారం పెట్టి లేచాడు.

రత్నకుమారి గుమ్మం నుంచి ఇంటికి చేరేసరికి సాలమ్మ మంచం మీద ఒత్తిగిల్లి ఉంది.

"ఎన్నొచ్చినయ్?"

"వారం మొత్తానికి ఒక్కటి. అది గూడ పగిలింది, పారేయబోతుంటే అడుక్కున్న."

"ఏమంటున్రు?"

"నన్నే వాసన సూడమంటున్రు. ముసలోనికి మతి చెడిందని నవ్వుతున్రు. నీ జబ్బు సంగతి చెప్తే, కడుపు నొప్పి ఎవలకు రాదు అంటున్రు."

మూత్రాశయం తీసేశాక డాక్టర్లు సాలమ్మ పొట్ట పక్కన ప్లాస్టిక్ సంచి అతికించారు. మూత్రం అందులోకే దిగుతుంది. ఆ సంచి కనబడకుండా చీర ఎత్తి కట్టేది. పలకరించడానికి ఎవరొచ్చినా దుప్పటి కప్పుకునేది. కన్నకూతురు దుర్గాభవాని కట్టు మారుస్తానన్నా గదిలోకి రానివ్వలేదు.

ఆమె మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"రేపు పొద్దుగాల రిక్షాల బొంత ఎయ్యి. నేనొస్త. ముందు ఆ రత్నకుమారి ఇంటికే పోదాం. చీర జరిపి ఈ సంచి సూపిస్త. ఆడ అయినంక, పక్కింట్ల సూపిస్త. డ్రమ్ము ఉన్న ప్రతి ఇంట్ల సూపిస్త."