మూడో బంతి, ఆఖరి వంతు

మా బావ, అంటే వరసకు బావ, కొడుకు పుట్టువెంట్రుకలు తీయించి దావతు చేసినప్పుడు నన్ను మూడో బంతిలో కూర్చోబెట్టారు. మొదటి బంతికి మాంసం వడ్డించారు, రెండో బంతికి ఎముకలు వడ్డించారు, మూడో బంతికి చారు పోశారు. ఆ చారు కూడా గిన్నె అడుగును గరిటె గీరుతున్న చప్పుడుతోనే వచ్చింది. నేను సగం విస్తరిలో లేచి, చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, నాలుగేళ్ల తర్వాత వచ్చిన కరువులో నా పొలం సగం ఎండిపోవడానికి వానదేవుడు ఎంత కారణమో ఆ చారు కూడా అంతే కారణం.

మా ఊరు బూర్గంపాడు నుంచి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది. గోదావరి మాకు దగ్గరే. కానీ అది లోతున పారుతుంది, మేము మిట్ట మీద ఉంటాం. వరదొచ్చినప్పుడు అది మా దగ్గరికి వస్తుంది గానీ, కరువొచ్చినప్పుడు మేము దాని దగ్గరికి పోలేం. నది పక్కన పెట్టుకుని కరువేమిటని బోనకల్ వైపు మా చుట్టాలు నవ్వేవారు. వాళ్లకు పెద్ద కాలువ ఉండేది, అందుకని నవ్వు కూడా ఉండేది. రెండువేల రెండు తర్వాత ఆ కాలువ కూడా ఎండింది. నవ్వు మాత్రం ఎండలేదు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మాకున్నది అడవి అంచున ఒక చెరువు. గుట్టల మీద పడిన వాన వాగులోకి దిగి, వాగు చెరువులోకి వస్తేనే మాకు వరి. ఆ కరువు ఏడు మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాయి. మా అందరితో నార్లు పోయించి, నాట్లు వేయించి, ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. చెరువులో సగం కూడా నీళ్లు లేవు. నాకు చెరువు కింద ఉన్నది ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. మిగతా భూమి వాన మీదే పండే చెలక, దాంట్లో వేసిన పత్తి అప్పటికే వాడిపోయింది. ఇంట్లో ఏడాది పొడుగునా వండుకునే బియ్యం ఆ ఇరవై గుంటల నుంచే రావాలి. మేం ఇద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అది ఎండితే వడ్ల గుమ్మి ఖాళీ.

వాన కోసం ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంటివాళ్లూ ఆ కప్ప మీద బిందెడు నీళ్లు కుమ్మరించాలి. మా గడప ముందుకు వచ్చినప్పుడు, ఆ నీళ్లేవో మా బర్రెకు తాగించినా పుణ్యమే కదా అన్నాను. మా ఆవిడ నా చేతిలోని బిందె లాక్కుని తనే పోసింది. ఆ తర్వాత వాన రాకపోవడానికి నా మాటే కారణమని ఊళ్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు. అలా అనుకునే ఇళ్లు ఏవో కూడా నాకు తెలుసు.

వాన బదులు జీపు వచ్చింది. పై ఆఫీసు నుంచి వచ్చిన సారు బడి ముందు మీటింగు పెట్టి షరతులు చదివాడు. చెరువు నీళ్లు నాటిన వరికే వాడాలి. చెరువులో ఎవరూ మోటరు వేయకూడదు. కొత్త బోరు తవ్వకూడదు. వారానికి రెండు రోజులే తూము తెరవాలి. యాసంగికి, అంటే రెండో పంటకు, వరి ఊసెత్తకూడదు. ప్రతి చుక్కా పొదుపుగా వాడాలని మైకులో గంటసేపు చెప్పాడు. ఆ గంటలో ఆయన డ్రైవరు మా కాలువలో జీపు కడుక్కున్నాడు. నేను లేచి ఆ సంగతి సభకు తెలియజేశాను. సారు డ్రైవర్ని పిలిచి కసిరి, సగం కడిగిన జీపులోనే వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నీటి సంఘం ప్రెసిడెంటు నన్ను ఎక్కడ చూసినా ‘జీపాయన వచ్చిండు’ అనేవాడు.

వంతులు వేసే పని మా నీరడిది. నీరడి అంటే తూము ఎత్తి దించేవాడు, కాలువ బాగోగులు చూసేవాడు. ఆ పని ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి, నేను తాత అనేవాణ్ణి, ఆయన నన్ను మనుమడా అనేవాడు. ఆ కాలువ కింద మేం పన్నెండు మందిమి, తలకు ఒక గంట. పొద్దున ఆరింటికి తూము ఎత్తితే సాయంత్రం ఆరింటికి దించాలి. ఒక్కొక్కరి గడియారం ఒక్కో టైం చెబుతోందని కొట్లాట వస్తే, బడిలో గోడ గడియారం తెచ్చి కట్ట మీద ఇప్పచెట్టుకు మేకు కొట్టి తగిలించారు. తూము దగ్గరి పొలం నుంచి మొదలుపెట్టి కిందికి వరసగా వంతులు వేశాడు నీరడి. నా మడి అన్నిటికంటే కింద ఉంది. కాబట్టి నాది పన్నెండో వంతు. నా పైమడి మా బావది, ఆయనది పదకొండోది.

మొదటి మూడు వారాలు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆరింటికి తూము దించేసరికి నేను పార భుజాన వేసుకుని ఇంటికి పోయేవాణ్ణి. పొద్దున వచ్చి చూస్తే మడి నిండుగా ఉండేది. నా ఒడ్లు అంత గట్టిగా ఉన్నాయని, ఊళ్లో ఇంకెవరికీ ఒడ్డు పెట్టడం రాదని నలుగురికీ చెప్పాను కూడా.

నాలుగో వారం మా బావ ఒడ్డు మీద నిలబడి, నవ్వుతూ ఒక మాట అన్నాడు.

“ఏం బావా, ఈడ గూడ నీది ఆఖరి బంతేనా?”

ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో నాకు తెలియదు. నాకు మాత్రం గరిటె గీరిన చప్పుడు వినిపించింది. ఇంటికి పోయి దస్తా కాయితాలు తీశాను. నీరడి పక్షపాతంతో వంతులు వేశాడనీ, తూము దగ్గర పొలాలున్నవాళ్లకు మంచి నీళ్లు ఇచ్చి నాకు అడుగు నీళ్లు ఇస్తున్నాడనీ, నాకు మొదటి వంతు ఇవ్వాలనీ అర్జీ రాశాను. మూడు కాపీలు తీశాను. ఒకటి ప్రెసిడెంటుకు, ఒకటి జీపు సారుకు, ఒకటి నా ట్రంకు పెట్టెకు. మూడోది ఇప్పటికీ ఉంది.

బడి అరుగు మీద మీటింగు పెట్టారు. అర్జీ చదివాక నీరడి లేచి నిలబడ్డాడు.

“మనుమడా, ఒక్క మాట చెప్త, ఇను.”

“నువ్వు చెప్పేది ఏందో కాయితం మీద రాసియ్యి తాతా” అన్నాను.

ఆయనకు రాయడం రాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన సరే అని కూర్చున్నాడు.

ఈయనకు మొదటిది ఇచ్చెయ్యండి, లేకపోతే కలెక్టరు దాకా పోతాడు, ఆ జీపు మళ్లీ వస్తుంది అన్నాడు ప్రెసిడెంటు. ఖాళీ అయిన ఆఖరి వంతు ఎవరికి అంటే మా బావ చెయ్యెత్తాడు. ఆయన సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాడు, ఆఖరిదైతే డ్యూటీ దిగి తీరిగ్గా రావచ్చునన్నాడు. పంట కోసేదాకా ఇంక మార్చేది లేదని రిజిస్టర్లో రాసి పన్నెండు మందితో సంతకాలు పెట్టించారు. అందరికంటే పెద్ద సంతకం నాది.

ఆ వారం పొద్దున ఆరింటికి తూము ఎత్తారు. నేను నీళ్లతో పాటు నడవడం మొదలుపెట్టాను. మూడు రోజులుగా ఎండకు మాడిన కాలువ అది. అడుగున చెయ్యి పట్టేంత పగుళ్లు. నీళ్లు ప్రతి పగులు దగ్గరా ఆగి, అది కడుపు నిండా తాగాక గానీ కదిలేవి కావు. ఎండ్రకాయ బొక్కలు, ఎలుక బొక్కలు, ఒక్కోటి ఒక్కో బావి. ముందుకు పరిగెత్తి బొక్కలు పూడ్చాను, వెనక్కి వచ్చి నీళ్లను పారతో తోశాను. అవి నా మడికి చేరేసరికి పైన గడియారం ఆరూ నలభై అయిదు. పావుగంట పారాయో లేదో, రెండో వంతువాడు వచ్చి నా మడి గండి మూశాడు. కాలువంతా నేను తడిపిపెట్టాను కాబట్టి అతని నీళ్లు ఉరుక్కుంటూ వచ్చాయి.

తర్వాతి వంతుకూ అంతే, ఆ పై వంతుకూ అంతే. వరి పొట్ట మీద ఉంది. అప్పుడు నీళ్లు చాలకపోతే వెన్ను బయటికి వచ్చినా గింజ పట్టదు. మడిలో పైభాగం నెర్రెలిచ్చింది, ఆకులు చుట్టుకుపోయాయి. పక్కన బావ మడి మాత్రం పచ్చగా, కాలు పెడితే మడమ మునిగేలా ఉంది.

బావ నీళ్లు దొంగిలిస్తున్నాడని నాకు తేలిపోయింది. పట్టుకుందామని ఒక సాయంత్రం అయిదింటికే వెళ్లి కంది చేను చాటున కూర్చున్నాను. కాయితం, పెన్ను కూడా తీసుకెళ్లాను. ఆరింటికి కట్ట మీద నీరడి తూము దించాడు, గడియారం చంకన పెట్టుకుని ఊళ్లోకి పోయాడు. బావ ఒడ్డున కూర్చుని బీడీ ముట్టించాడు. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు. కానీ నీళ్లు మాత్రం ఆగలేదు. తూము నుంచి బావ మడి దాకా కాలువ పొడుగునా నిలిచి ఉన్న నీళ్లన్నీ, వాటిని అడిగే తర్వాతి వంతు ఎవరిదీ లేదు కాబట్టి, తీరిగ్గా ఆయన మడిలోకి దిగుతున్నాయి. చీకటి పడ్డాక కూడా దిగుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను ఇంట్లో చల్లగా కూర్చుంటే నా మడి నిండింది వాటితోనే. నా ఒడ్ల గొప్పతనం అందులో ఏమీ లేదు.

ఎవరూ దొంగతనం చేయడం లేదు. అంతకంటే పెద్ద దెబ్బ నాకు ఆ ఏడు ఇంకొకటి తగల్లేదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. పోయి అడుగు అంది. ఎవరిని అడగాలి అన్నాను. నువ్వు ఎవరి మీద రాశావో వాళ్లనే అంది. వాగులో చెలమ తోడి తెచ్చిన నీళ్ల బిందె ఠక్కున కింద పెట్టింది.

“చారు పోసిండ్రని నాలుగేండ్లు అలిగినవ్. మడి ఎండితే రేపు ఆ చారులకు బువ్వ ఏడికెల్లి తెస్తవ్?”

మర్నాడు కట్ట మీదికి వెళ్లాను. నీరడి తూము చుట్టూ బంకమట్టి మెత్తుతున్నాడు. మళ్లీ నన్ను ఆఖరికి మార్చమన్నాను. ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు. ఆ మీటింగులో ఎవరు ఎవర్ని ఆపారో ఇద్దరికీ గుర్తుంది.

“నా చేతుల ఏమున్నది మనుమడా. కాయితం మీద ఎక్కింది గద. కాయితమే తెచ్చుకో” అన్నాడు. ఎత్తిపొడుపుగా అంటే బాగుండేది. మామూలుగానే అన్నాడు, మట్టి మెత్తుతూనే అన్నాడు.

రెండో అర్జీ రాశాను. మొదటి అర్జీదారుడు విషయం తెలుసుకోకుండా ఫిర్యాదు చేశాడనీ, నీరడి వేసిన వరసే సరైనదనీ, అర్జీదారుణ్ణి మందలించి పాత వంతే ఇప్పించాలనీ రాశాను. నా జీవితంలో సాక్ష్యాలన్నీ గట్టిగా ఉన్న అర్జీ అదొక్కటే. ప్రెసిడెంటు దాన్ని బడి అరుగు మీద పైకి చదివాడు. వెనక వాళ్లకు వినపడలేదని ఇంకోసారి చదివాడు. వెనక ఎవరూ లేరు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది మా బావ. ఆయన వద్దంటే రిజిస్టరు మారదు, నా మడి దక్కదు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు తిరిగి, ఆ రోజు విస్తరి ముందు నుంచి ఎందుకు లేచిపోయావని అడిగాడు. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న. ఉన్నదంతా చెప్పాను, గరిటెతో సహా.

“అది ఇంటోళ్ల బంతి బావా. సుట్టాలు తిన్నంక మనం తింటం గద. నేను గూడ నీ పక్కనే కూసోని చారే పోస్కున్న.”

ఆయన నా పక్కన కూర్చున్న సంగతి నాకు నిజంగా గుర్తు లేదు. నేను గరిటె వైపే చూస్తున్నాను. అయినా ఇంటివాణ్ణని ముందే చెబితే ఇంట్లోనే తినేసి వచ్చేవాణ్ణి కదా అన్నాను. ప్రెసిడెంటు తల పట్టుకున్నాడు. బావ మాత్రం నవ్వి, తన మడికి తడులు నిండుగా అందాయనీ, ఆఖరి వంతు నన్నే తీసుకోమనీ, పదకొండో వంతుకు వాళ్లావిడ వచ్చి నిలబడుతుందనీ చెప్పాడు. మళ్లీ సంతకాలు పెట్టాం. ఈసారి నాది చిన్నగా పెట్టాను.

మూడు తడులు దొరికాయి. మడిలో పైసగం అప్పటికే తాలు, దాన్ని కోసి బర్రెకు వేశాం. కింది సగం గింజ కట్టింది. ఆ వడ్లతో ఉగాది దాకా అన్నం తిన్నాం, ఆ తర్వాత జొన్న గటక తాగాం. గుమ్మి పూర్తిగా ఖాళీ కానందుకు మా అమ్మ కప్పకు దండం పెట్టింది.

కళ్లం మా ఇళ్ల వెనకే. తూర్పారబట్టిన రోజు నీరడి తన మేర కోసం వచ్చాడు. కాలువ చూసినందుకు పంటలో ఆయనకిచ్చే వాటా అది, మా కళ్లంలో ఏటా నాలుగు చేటలు. నేను నాలుగూ పోసి, అయిదోది కూడా పోశాను. ఆయన కండువా పరిచి చూసి, రెండు చేటలు ఉంచుకుని మూడు వెనక్కి కుప్పలో పోశాడు.

“పంట సగమే గద మనుమడా. నాకు గూడ సగమే.”

నేను ఊరుకోలేదు. ఒక చేటైనా ఎక్కువ తీసుకోవాల్సిందేనని మళ్లీ పోశాను. ఆయన మళ్లీ తీశాడు. తీసుకో అని నేను, వద్దని ఆయన, మధ్యలో ఆ చేట. మొండితనంలో నన్ను మించినవాళ్లు ఉంటారని అప్పటిదాకా నాకు తెలియదు. చివరికి ఆయన మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ చేటెడు గింజల్ని నేను కుప్పలో కలపలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకోనన్నాను కాబట్టి, ఆయన ఎప్పుడైనా మనసు మార్చుకుని వస్తాడని కళ్లంలో పక్కగా పెట్టి ఉంచాను.

ఆయన రాలేదు. వాటిని మా బావ కోళ్లు తిన్నాయి. కోళ్లను కట్టేసుకోమని అప్పుడే చెప్పాను, ఇప్పటికీ కట్టెయ్యలేదు.