నానమ్మను దింపిన అరుగు

నా చిన్నప్పుడు, అంటే మరీ రాజుల కాలం కాదు, తార్నాకలో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపెట్టిన రోజుల్లో, మా నానమ్మ వార్డు మెంబరు హోదాలో ఊరి నుంచి మా ఇంటికి వచ్చింది. హోదా అంటే మెడలో వేలాడే ఒక కార్డు. దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో పంచాయతీ సభ్యులకు శిక్షణ పెట్టారు. నాకు బడి లేదు, అమ్మకు ఆఫీసు ఉంది, కాబట్టి నన్నూ నానమ్మ వెంట పంపారు. ఎవరు ఎవరిని చూసుకోవాలో మాత్రం ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పలేదు.

అక్కడ ఒక్కో ఊరి వాళ్లు కలిసి కూర్చుని, తమ ఊరికి అన్నిటికంటే ముందు కావలసిన పని ఒక్కటి తేల్చుకుని, భోజనాలయ్యాక అందరి ముందూ చెప్పాలి. ఒక్కటే. మా ఊరి నుంచి వచ్చింది ఇద్దరే, సర్పంచ్, మా నానమ్మ. ఇద్దరు ఒక మాట మీదికి రావడానికి ఎంతసేపు పడుతుంది అనుకున్నాను. నాకప్పటికి రాజకీయాలు తెలియవు.

సర్పంచ్‌కి ఊరి మొదట్లో కమాన్ కావాలి, అంటే ఊరి పేరు రాసిన స్వాగత ద్వారం. "చుట్టుపక్కల అన్ని ఊళ్లకు ఉన్నది పెద్దమ్మా. మన ఊరొస్తే బస్సోడు గూడ గుర్తుపడ్తలేడు" అన్నాడు. చెడ్డవాడు కాదు, నాకు చాక్లెట్ కూడా ఇచ్చాడు. నానమ్మకేమో బొందలగడ్డకు బాట కావాలి. మా వాడ నుంచి శ్మశానానికి పోవాలంటే వాగులో దిగి నడవాలి, వానాకాలం అయితే నీళ్లు మోకాళ్లు దాటుతాయి. "సచ్చినోళ్లకు బాటెందుకు పెద్దమ్మా, ముందుగాల బతికున్నోళ్ల సంగతి చూద్దాం" అన్నాడాయన, మెల్లగానే. నానమ్మ ఏమీ అనలేదు. నానమ్మ ఏమీ అనకపోతే మా ఇంట్లో అందరం జాగ్రత్తపడేవాళ్లం. ఆయనకు ఆ సంగతి తెలియదు పాపం.

భోజనాల వేళకు వాన వెలిసింది. హాలుకూ భోజనశాలకూ మధ్య ఆవరణంతా నీళ్లు. అన్ని చదువులు చెప్పే చోటే గానీ, ఆ నీళ్లకు బయటికి దారి చెప్పినవాళ్లు లేరు. అందరూ చెప్పులు చేతబట్టుకుని వరండాలో నిలబడ్డారు. నానమ్మ అక్కడున్న చెక్క బెంచీ మీద కూర్చుంది. తర్వాత కాళ్లు చాపి పడుకుంది. కొంగు సర్దుకుంది.

"నలుగురు పట్టుండ్రి" అంది.

ఆవిడ ఏం చేస్తోందో అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఒకామె "థూ, గవేం పనులు! లే అవ్వా" అని కసిరింది.

"ఎట్లాగూ పొయ్యేదాన్నే గదా. దారెట్లున్నదో ముందే ఒకపారి చూసుకుంటా" అని నానమ్మ కళ్లు మూసుకుంది. "కొడుకా సర్పంచీ, తలకాడ నువ్వు పట్టు."

వేరే ఊళ్ల మెంబర్లు ముగ్గురు నవ్వుతూ వచ్చారు. సర్పంచ్ నవ్వలేక నవ్వుతూ వచ్చాడు. బెంచీ భుజాల మీదికి లేచింది. నేను నానమ్మ చెప్పులు పట్టుకుని పక్కన నడిచాను. మొదట తమాషాగానే ఉంది. మధ్యలో ఒకాయన కాలు గుంటలో పడి బెంచీ ఒక పక్కకు ఒరిగేసరికి నవ్వులు ఆగిపోయాయి. నీళ్లలో నేల కనపడదు, భుజం మీద మనిషి ఉంటే తల వంచి చూసుకోలేరు. సర్పంచ్ రొప్పుతూ, "జర దింపుదాం పెద్దమ్మా, భుజం గుంజుతున్నది" అన్నాడు.

"ఏడ దింపుతవు?" కళ్లు తెరవకుండానే అడిగింది నానమ్మ. "నీళ్లల్లనా?"

సర్పంచ్ బెంచీ కోడు ఇంకాస్త గట్టిగా పట్టుకుని నడిచాడు.

భోజనశాల ముందు చూరు కింద ఒక సిమెంటు అరుగు పొడిగా ఉంది. దాని మీద దింపారు. నానమ్మ కదల్లేదు. ఆవిడ నటన ఇంత బాగుంటుందని నాకెవరూ ముందు చెప్పలేదు. భయమేసి, చెవి దగ్గర నోరు పెట్టి "నానమ్మా" అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఒక కన్ను తెరిచింది.

"ఏందిరా, ఆకలైతున్నదా?"

అందరూ గొల్లున నవ్వారు, సర్పంచ్ తప్ప. నానమ్మ లేచి కూర్చుని, ఆయనతో కాదు, నాతో చెప్పింది. శవాన్ని తీసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట పాడె దింపుతారట. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉందేమో అని అయినవాళ్లు చెవిలో పిలుస్తారట. దింపుడు కల్లం అంటారు. "మీ తాతను దింపనీకి ఆరిన జాగ దొర్కలే బిడ్డా. వాగులకెల్లి అట్లనే మోస్కపోయిండ్రు. ఎవ్వలం పిల్వలే. పిలిస్తే పల్కుతడని కాదు. పిల్వాలె గదా."

సర్పంచ్ తడిసిన ప్యాంటు పిండుకుంటూ కిందికే చూశాడు. "ఆ దినం నేను వాగు దాకొచ్చి మర్లిపోయిన పెద్దమ్మా. అవుతలికి రాలే" అన్నాడు.

"ఎరుకే" అంది నానమ్మ. "పా, అన్నం తిందాం."

మా ఊరి వంతు వచ్చినప్పుడు ఆయనే లేచి బాట గురించి చెప్పాడు. చెప్పి, కూర్చోబోతూ, వీలైతే కమాన్ కూడా అన్నాడు. ఒక్కటే చెప్పాలని గుర్తు చేస్తే కూర్చున్నాడు. బాట మర్నాడే పడలేదు, సర్కారు పని సర్కారు పనిలాగే నడిచింది. కానీ పడింది. వాగు మీద చిన్న కల్వర్టు, దాటగానే పక్కన ఒక అరుగు, పైన రేకులు. కమాన్ కూడా తర్వాత వచ్చింది. బస్సు డ్రైవర్ ఇప్పటికీ గుర్తుపట్టడు.

పోయిన వానాకాలం నానమ్మ పోయింది. వాగు నిండుగా పారుతోంది. మేం దాని పైనుంచి నడిచాం. తలకాడ ఒక పక్క నేను, రెండో పక్క ఆ పాత సర్పంచ్. అరుగు మీద దింపాం. వంగి చెవిలో పిలిచాను. కాస్త ఆగి మళ్లీ పిలిచాను. చిన్నప్పుడు రెండోసారికి కన్ను తెరిచింది కదా అని, ఇంకోసారి కూడా పిలిచాను.

ఇప్పుడు నేను ఆ క్యాంపస్‌లోనే చదువుకుంటున్నాను. ఏది ముందు, ఏది తర్వాత అని ఎవరైనా గొంతు పెంచి వాదించుకుంటుంటే నాకు జోకు తన్నుకొస్తుంది, వేస్తాను కూడా. అయితే దానికంటే ముందు, మోసేవాళ్ల కాళ్ల కింద ఏముందా అని చూడటం అలవాటైపోయింది. వాన పడితే ఆ ఆవరణలో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. చెప్పులు చేతబట్టుకుని దాటి, భోజనశాల ముందు ఆ అరుగు మీద కూర్చుంటాను, ఆకలయ్యేదాకా.